హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: ఒక ఉద్యోగుల క్లబ్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• ‘నాన్-లీగ్’ క్లబ్ అంటే ఏమిటో, ఇంగ్లండులో అటువంటి క్లబ్బులు ఎలా నిలబడ్డాయో చెప్పగలుగుతారు.
• 1950-63 మధ్య హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సాధించిన విజయాలను, వాటి వెనుక ఉన్న కారణాలను వివరించగలుగుతారు.
• ఆ జట్టు వెనుకబడిపోవడానికి దారితీసిన పరిస్థితులను విశ్లేషించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక క్రీడా సంస్థ చరిత్రను రాయడానికి ఏ ఆధారాలు సేకరించాలో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

క్రీడల చరిత్ర అనగానే గెలిచిన కప్పుల జాబితా, గొప్ప ఆటగాళ్ల పేర్లు గుర్తుకు రావడం సహజం. అవి అవసరమే. కాని చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న వేరు. ఆ ఆటగాళ్ల ఇల్లు దేనితో గడిచింది? బూట్లు, రైలు చార్జీలు ఎవరు భరించారు? మోకాలు దెబ్బతిని ఆట మానేసిన రోజున వారికి ఏ ఆధారం మిగిలింది? ఒక రాజ్యం చరిత్రలో భూమిశిస్తుకు ఎంత ప్రాధాన్యం ఉందో, ఒక క్లబ్ చరిత్రలో ఈ ప్రశ్నలకు అంత ప్రాధాన్యం ఉంది.

ఈ భాగంలో మనం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును పరిశీలిస్తాం. నెల జీతం మీద బతికే పోలీసు ఉద్యోగులు ఆడిన జట్టు ఇది. 1950ల్లో దేశంలో దీనికి సాటి వచ్చే జట్లు చాలా తక్కువ. అయినా తిరుపతిలోనో, మదనపల్లెలోనో, చిత్తూరులోనో చదువుతున్న మీలో చాలామంది దీని పేరు విని ఉండకపోవచ్చు. అంత పెద్ద జట్టు ఒక తరం గడిచేసరికి ఎందుకు మరుగున పడింది? ఈ పాఠంలోని ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం వెతకడానికి ముందుగా ఇంగ్లండులోని చిన్న క్లబ్బులను చూద్దాం. వాటితో పోల్చినప్పుడు మన జట్టు బలం, బలహీనత రెండూ స్పష్టమవుతాయి.

2. ఇంగ్లండులో నాన్-లీగ్ క్లబ్బులు

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ 1863లో ఏర్పడి ఆటకు ఒకే నియమావళిని తయారుచేసింది. మొదట్లో డబ్బు తీసుకుని ఆడటాన్ని తప్పుగా భావించేవారు. పారిశ్రామిక నగరాల్లో మిల్లు కార్మికులు ఆటలోకి వచ్చాక పరిస్థితి మారింది. శనివారం పని మానుకుని ఆడితే కూలి పోతుంది కనుక వారికి ఆట డబ్బు అవసరమైంది. 1885లో వృత్తి ఆటగాళ్లకు అనుమతి లభించింది. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ ప్రారంభమైంది.

ఆ లీగ్‌లో చోటు దొరకని క్లబ్బులను ‘నాన్-లీగ్’ క్లబ్బులు అనడం అలవాటైంది. నేడు పై నాలుగు అంచెల్లో 92 క్లబ్బులు ఉన్నాయి. వాటికి దిగువన అంచెలంచెలుగా ఉన్న వందలాది క్లబ్బులు ఈ కోవలోకి వస్తాయి. ప్రపంచంలోనే పాతదిగా గుర్తింపు పొందిన షెఫీల్డ్ క్లబ్ 1857లో పుట్టింది. అది ఇప్పటికీ ఈ దిగువ అంచెల్లోనే ఆడుతోంది. ఈ క్లబ్బుల ఆటగాళ్లలో చాలామందికి పగలు వేరే పని ఉంటుంది. గేటు దగ్గర టికెట్లు ఇచ్చేవారు, మైదానానికి గీతలు గీసేవారు తరచుగా ఆ ఊరి అభిమానులే. జీతం లేకుండా ఆడే ఔత్సాహిక జట్ల కోసం 1893లో ప్రారంభమైన అమెచ్యూర్ కప్ పోటీ 1974 దాకా నడిచింది.

లండన్ పోలీసు ఉద్యోగుల కోసం 1919లో ఏర్పడిన మెట్రోపాలిటన్ పోలీస్ క్లబ్ కూడా ఈ నాన్-లీగ్ క్లబ్బులలో ఒకటి. పోలీసు ఉద్యోగం చేస్తూ ఫుట్‌బాల్ ఆడటం మన దేశానికే పరిమితమైన ఏర్పాటు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఒక తేడాను గమనించండి. లండన్ పోలీసు జట్టు ఎప్పుడూ ఆ దేశపు చిన్న జట్లలో ఒకటిగానే ఉండిపోయింది. హైదరాబాద్ పోలీసు జట్టు మాత్రం దేశంలోని అగ్రశ్రేణి జట్లను ఓడించింది. ఉద్యోగుల జట్టు కావడంలో రెండూ ఒకటే, స్థాయిలో మాత్రం పోలిక లేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే భారతదేశంలో ఆట నిర్మాణాన్ని చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
వృత్తి ఆటగాళ్లకు ఇంగ్లండులో అనుమతి ఎందుకు అవసరమైంది? నాలుగైదు వాక్యాల్లో రాయండి.

3. కంటోన్మెంట్ మైదానం నుంచి పోలీసు మైదానానికి

మన దేశానికి ఫుట్‌బాల్‌ను తెచ్చింది బ్రిటిష్ సైన్యం, మిషనరీ పాఠశాలలు, వర్తక సంస్థలు. సిమ్లాలో 1888లో ప్రారంభమైన డ్యూరాండ్ కప్, బొంబాయిలో 1891లో ప్రారంభమైన రోవర్స్ కప్ మొదట ప్రధానంగా బ్రిటిష్ రెజిమెంట్ల పోటీలు. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలుచుకుంది. చిత్తూరు జిల్లా ఏర్పడిన సంవత్సరం కూడా అదే. రోవర్స్ కప్ 1937లో తొలిసారి ఒక భారతీయ జట్టుకు, బెంగళూరు ముస్లిమ్స్‌కు దక్కింది. డ్యూరాండ్ కప్‌ను 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది.

హైదరాబాద్ సంస్థానం నిజాం పాలనలో ఉన్నా, పక్కనే ఉన్న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ కంటోన్మెంట్ ఉండేది. సైనికుల ఆట చూసి బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ వంటి చోట్ల పిల్లలు బంతి పట్టారు. అలా హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో ఆటగాళ్లు తయారయ్యారు. కాని నైపుణ్యం ఒక్కటే సరిపోదు. ఆ పిల్లల్లో ఎక్కువమంది పేద కుటుంబాల వారు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఇంటి బరువు మీద పడుతుంది. అప్పుడు ఆట కొనసాగాలంటే ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం ఆటకు సమయం ఇచ్చేదై ఉండాలి.

ఆ అవసరాన్ని తీర్చిన సంస్థల్లో పోలీసు శాఖ ముఖ్యమైనది. పోలీసు శాఖకు శారీరక దారుఢ్యం ఉన్న యువకులు కావాలి. వారికి రోజూ పరేడ్, వ్యాయామం ఉంటాయి. మైదానం శాఖకు సొంతం. టోర్నమెంటుకు వెళితే అది డ్యూటీ కిందికే వస్తుంది. జట్టు గెలిస్తే శాఖకు పేరు వస్తుంది. ఆటగాడికి కలిగే మేలు ఇంకా స్పష్టం. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కాలు విరిగినా కొలువు పోదు. వయసు మీరి ఆట మానేసినా యూనిఫాం మిగులుతుంది, చివరికి పింఛను వస్తుంది. నేటి భాషలో దీన్ని క్రీడాకారుల సామాజిక భద్రత అనవచ్చు.

ఇదే ఏర్పాటు సైన్యంలో, రైల్వేలలో, ప్రభుత్వ రంగ సంస్థల్లో కూడా ఉండేది. 1955, 1958 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్ గెలిచిన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ సైనికుల జట్టు. అంటే ఇంగ్లండులో పెద్ద క్లబ్బులకు ప్రేక్షకుల టికెట్టు డబ్బు చేసిన పనిని, మన దేశంలో చాలా జట్లకు జీతాల రిజిస్టరు చేసింది. హైదరాబాద్ పోలీసులు లండన్ పోలీసుల్లా దిగువ అంచెలో ఉండిపోకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఆనాడు వారి పై అంచెలో నిలబడగల వృత్తి లీగ్ ఏదీ దేశంలో లేదు.

4. 1950: రెండు కప్పుల సంవత్సరం

ఈ విజయాల కాలాన్ని రాజకీయ నేపథ్యంలో ఉంచి చూడండి. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. పాలన మారింది, అధికారులు మారారు. చాలా కుటుంబాలు భయంతో, అనిశ్చితితో గడిపాయి. సిటీ పోలీసు జట్టులోని ప్రముఖ ఆటగాళ్లలో చాలామంది నగరంలోని ముస్లిం కుటుంబాలకు చెందినవారు. పాత ప్రభుత్వంలో కొలువులో చేరిన వారికి కొత్త ప్రభుత్వంలో స్థానం ఏమిటన్నది ఆ రోజుల్లో చిన్న ప్రశ్న కాదు.

విలీనం జరిగి రెండేళ్లు తిరిగేసరికి, 1950లో, ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే సీజన్‌లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. 1940 తరువాత ఆగిపోయి, స్వతంత్ర భారతంలో తిరిగి ప్రారంభమైన తొలి డ్యూరాండ్ పోటీ అది. ఫైనల్‌లో ప్రత్యర్థి మోహన్ బగాన్. మొదటి రోజు ఆట 1-1తో సమంగా ముగిసింది. తిరిగి ఆడినప్పుడు పోలీసులు 1-0తో గెలిచారు. కలకత్తాయే భారత ఫుట్‌బాల్‌కు రాజధాని అనుకునే రోజుల్లో ఇది మామూలు విజయం కాదు. రాజకీయంగా ఆలస్యంగా చేరిన ఒక నగరం, ఆట ద్వారా దేశం మధ్యకు వచ్చి నిలబడిందని చెప్పవచ్చు.

రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. ఆ పైన 1957, 1960, 1963 సంవత్సరాల్లో గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది. మొత్తం తొమ్మిది సార్లు. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961 పోటీల్లో దక్కింది.

5. రహీం సాహెబ్: ఒక బడిపంతులు చేసిన పని

ఈ విజయాలకు ఉద్యోగ భద్రత పునాది అయితే, దాని మీద ఇల్లు కట్టిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షకుడు. భారత జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయన చేతికే వచ్చింది.

ఆయన పద్ధతిలో బడిపంతులు స్పష్టంగా కనిపిస్తాడు. పిల్లవాడికి ఎక్కడ లోపం ఉందో అక్కడే అభ్యాసం పెట్టడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. చాలామంది ఆటగాళ్లకు ఒక కాలే వాటం. అందుకు ఆయన వాటం లేని కాలితో మాత్రమే ఆడాలనే షరతుతో పోటీలు పెట్టారు. ఒంటరిగా బంతిని తోసుకుంటూ పోవడం మరో అలవాటు. దాన్ని మాన్పించడానికి డ్రిబ్లింగ్ లేకుండా, బంతిని వెంటనే తోటివాడికి అందించే ఆటలు ఆడించారు. వ్యూహంలోనూ ఆయన ముందుచూపు గలవారు. ఆనాడు చలామణిలో ఉన్న డబ్ల్యూ-ఎం అమరికను దాటి 4-2-4 అమరికను భారత జట్టుకు నేర్పారు. నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్య ఆటగాళ్లు, నలుగురు దాడి ఆటగాళ్లు ఉండే అమరిక ఇది.

ఒకే జట్టు సభ్యులు రోజూ ఒకే మైదానంలో కలుసుకునే పోలీసు ఏర్పాటు ఈ శిక్షణకు బాగా కలిసివచ్చింది. ఇతర చోట్ల శిక్షకుడికి ఆటగాళ్లు పూట మాత్రమే దొరికేవారు. ఇక్కడ ఏళ్ల తరబడి దొరికారు.

దీని ఫలితం జాతీయ స్థాయిలో కనిపించింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరంగా ఓడిపోయింది. అప్పటికి మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడేవారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ స్థాయికి చేరిన తొలి ఆసియా జట్టు అదే. నాలుగో స్థానంతో తిరిగివచ్చిన ఆ బృందంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి జంట నగరాల ఆటగాళ్లు ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపుతో రెండో స్వర్ణం వచ్చింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం ‘మైదాన్’ 2024లో విడుదలైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
రహీం శిక్షణా పద్ధతులకు, పోలీసు ఉద్యోగ విధానానికి గల సంబంధాన్ని వివరించండి.

6. పేరు మారింది: చిత్తూరుకు ఈ జట్టు ఎప్పుడు ‘మనది’ అయింది?

ఇక్కడ రాయలసీమ విద్యార్థిగా మీకొక సందేహం రావాలి. 1950లో పోలీసులు డ్యూరాండ్ గెలిచినప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. మన జిల్లా పోలీసు శాఖకు, కోర్టులకు, కళాశాలలకు, పత్రికలకు కూడా కేంద్రం మద్రాసే. హైదరాబాద్ మనకు పొరుగు రాష్ట్రపు రాజధాని మాత్రమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తరువాతే హైదరాబాద్ పోలీసు జట్టు కీర్తి తిరుపతి, చిత్తూరు ప్రజలకు కూడా సొంత రాష్ట్రపు కీర్తి అయింది.

ఈ మార్పు విజేతల పట్టికల్లో నమోదైంది. 1957లో రోవర్స్ గెలిచిన జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1960లో గెలిచిన జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. రాష్ట్రాల పోటీ అయిన సంతోష్ ట్రోఫీలోనూ ఇదే క్రమం. 1956-57, 1957-58 సీజన్లలో విజేత హైదరాబాద్. 1965-66లో విజేత ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా కొంతకాలం ఆటలో పాత పేరే కొనసాగిందని మీరు గమనించాలి. పరిపాలనలో గీతలు ఒక్కరోజులో మారతాయి. సంఘాలు, జట్లు, అభిమానాలు మారడానికి ఏళ్లు పడుతుంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణను చదివేటప్పుడు ఈ ఉదాహరణను గుర్తుంచుకోండి.

అయితే పేరు రాష్ట్రమంతటిదీ అయినా, జట్టుకు బలం ఇచ్చిన వీధులు, బడులు, మైదానాలు హైదరాబాద్, సికింద్రాబాద్‌లవే. ఈ పరిమితి తరువాతి కథకు ముఖ్యం.

7. క్షీణత: కారణాలు

1963 తరువాత రోవర్స్, డ్యూరాండ్ విజేతల పట్టికల్లో ఈ జట్టు పేరు మళ్లీ కనిపించదు. 1965-66 తరువాత ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ దక్కలేదు. 1960 రోమ్ తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. దీనికి రహీం మరణమే కారణమని సాధారణంగా చెబుతారు. అది పాక్షిక సత్యం. ఒక్క మనిషి పోతే ఒక వ్యవస్థ కూలిందంటే, ఆ వ్యవస్థలో ముందే ఏదో లోపం ఉండి ఉండాలి. ఆ లోపాలను మూడు విధాలుగా చూడవచ్చు.

మొదటిది, శిక్షణకు వారసత్వం ఏర్పడలేదు. రహీం పద్ధతి ఆయన మనసులో, మైదానంలో ఉంది. దాన్ని కొనసాగించే శాశ్వత సంస్థగా అది మారలేదు.

రెండవది, కలకత్తా ఆకర్షణ. అక్కడ వేల సంఖ్యలో ప్రేక్షకులు, పెద్ద క్లబ్బులు, ఆటగాడికి పేరు, మెరుగైన ఆదాయం ఉన్నాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. పోలీసు జట్టులో ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్ 1966లో కలకత్తా చేరారు. హైదరాబాద్‌లోనే పుట్టిన మహమ్మద్ హబీబ్ కూడా అదే సంవత్సరం వెళ్లారు. 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు హబీబ్ ఒక గోలు చేశారు. పోలీసు ఉద్యోగం భద్రత ఇవ్వగలదు కాని, కలకత్తా ఇచ్చే పేరును, రాబడిని ఇవ్వలేదు. ఉద్యోగం ఆటగాణ్ణి నిలబెట్టింది, అయితే అతణ్ణి పట్టి ఉంచే శక్తి దానికి లేకపోయింది.

మూడవది, పోటీల స్వరూపం. డ్యూరాండ్, రోవర్స్ కొద్ది వారాల్లో ముగిసే టోర్నమెంట్లు. పోలీసు ఉద్యోగి సెలవు మీదో, డ్యూటీ మీదో వెళ్లి ఆడి రాగలడు. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ వచ్చాక నెలల తరబడి ఊరూరా తిరిగి ఆడాలి. దానికి పూర్తికాలపు ఆటగాళ్లు, పెద్ద పెట్టుబడి కావాలి. బందోబస్తు మధ్య ఆడే జట్టుకు ఇది సాధ్యమయ్యే పని కాదు. అప్పటికి రోవర్స్ కప్ కూడా చివరి దశకు వచ్చింది. 2000-01 తరువాత అది జరగలేదు.

8. పోలిక: ఎవరిది ఈ క్లబ్?

ఇప్పుడు మళ్లీ ఇంగ్లండు వైపు చూద్దాం. దక్షిణ లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ను యాజమాన్యం దూరంగా ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించాలని నిర్ణయించింది. దానికి 2002లో అనుమతి లభించింది. అదే ఏడాది అభిమానులు స్వయంగా ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే కొత్త క్లబ్‌ను స్థాపించుకున్నారు. అది తొమ్మిదో అంచెలో, అంటే నాన్-లీగ్‌లోని చిన్న పోటీల్లో మొదలై, ఒక్కొక్క మెట్టే ఎక్కి 2011లో ఫుట్‌బాల్ లీగ్ చేరింది. అక్కడ రెండు విషయాలు కలిసివచ్చాయి. క్లబ్ మాది అని నిలబడే జనం ఉన్నారు. కింద నుంచి పైకి వెళ్లడానికి మెట్లు ఉన్నాయి. కిందికి జారిన క్లబ్‌కు కూడా వచ్చే శనివారం ఆడటానికి ఒక మ్యాచ్ ఉంటుంది.

హైదరాబాద్ పోలీసు జట్టుకు ఈ రెండూ లేవు. దాన్ని నగరం ప్రేమించింది. కాని అది నగరానిది కాదు, శాఖది. శాఖ ప్రాధాన్యాలు మారితే ప్రశ్నించే హక్కు గ్యాలరీలో కూర్చున్నవారికి లేదు. జట్టు బలహీనపడినప్పుడు దిగివచ్చి మళ్లీ ఎక్కడానికి దేశంలో అంచెల నిర్మాణమూ లేదు. ఓడితే ఇంటికి, గెలిస్తే పతాక శీర్షికకు.

అయితే వృత్తి క్లబ్బులు వస్తే సమస్య తీరుతుందని అనుకోవడం కూడా తొందరపాటే. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది. 2025లో యాజమాన్యం మారి, పేరు మారి, ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పోలీసు జట్టు వెనుకబడింది కాని ఊరు విడిచి పోలేదు. పెట్టుబడిదారుని జట్టు కప్పు గెలిచి కూడా ఊరు విడిచింది. జీతాన్ని నమ్ముకున్న క్లబ్, పెట్టుబడిని నమ్ముకున్న క్లబ్, జనాన్ని నమ్ముకున్న క్లబ్ - ఈ మూడింటి భవిష్యత్తును నిర్ణయించింది ఆట నాణ్యత ఒక్కటే కాదు, వాటి పోషణ ఎవరి చేతిలో ఉందన్న విషయం కూడా. ఈ పాఠం నుంచి మీరు గ్రహించవలసిన ముఖ్యాంశం ఇది.

ఉద్యోగుల జట్టు విధానాన్ని తక్కువ చేసి చూడకండి. బూట్లు కొనలేని ఇంటి పిల్లవాడిని ఒలింపిక్స్ దాకా తీసుకుపోయిన మార్గం అది. దాని లోపం పేదవాడికి చోటు ఇవ్వడంలో లేదు. ఆ చోటును రేపటికి నిలిపే ఏర్పాటు చేయకపోవడంలో ఉంది.

9. ఆధారాలు, మీ ఊరి చరిత్ర

క్రీడా సంస్థ చరిత్రకు నాలుగు రకాల ఆధారాలు ఉంటాయి. పత్రికల్లో వచ్చిన మ్యాచ్ వార్తలు తేదీని, స్కోరును ఇస్తాయి. కప్పులు, షీల్డుల మీద చెక్కిన పేర్లు విజేతలను చెబుతాయి. సర్వీసు రిజిస్టర్లు ఆటగాడు ఎప్పుడు చేరాడో, ఏ హోదాలో విరమించాడో చెబుతాయి. ఆటగాళ్ల, ప్రేక్షకుల జ్ఞాపకాలు ఆట ఎలా ఉండేదో, ఎందుకు ముఖ్యమో చెబుతాయి. చివరి రకాన్ని వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. ఉదాహరణకు, వట్టి కాళ్లతో ఆడనివ్వనందుకే భారత్ 1950 ప్రపంచ కప్‌కు వెళ్లలేదన్న మాట చాలా ప్రచారంలో ఉంది. చరిత్రకారులు పరిశీలించినప్పుడు ఒలింపిక్స్‌కే ఎక్కువ విలువ ఇచ్చిన నిర్వాహకుల దృష్టి, సుదీర్ఘ ప్రయాణం, సన్నద్ధత లోపం వంటి కారణాలు ముందుకు వచ్చాయి. అందరూ చెప్పే కథ కాబట్టి నిజమని తీసుకోరాదు. అలాగని పారవేయనూ రాదు. ఎందుకు అంతగా ప్రచారమైందో ఆలోచించాలి.

ఈ పద్ధతిని మీరు మీ ప్రాంతానికి అన్వయించవచ్చు. చిత్తూరు, తిరుపతి పోలీసు పరేడ్ మైదానాల్లో ఎవరు ఏ ఆటలు ఆడారు? రేణిగుంట రైల్వే ఉద్యోగులకు జట్లు ఉండేవా? కుప్పం, వి.కోట వైపు ఉన్నవారు, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల కాలనీల్లో ఆటల గురించి పెద్దలను అడగండి. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాత క్రీడాకారుల గ్రూపు ఫొటోలు చూడండి. ఫొటో వెనుక రాసిన సంవత్సరం, పేర్లు మీకు మొదటి ఆధారం అవుతాయి. ఏ జట్టు దొరికినా, ‘ఎన్ని కప్పులు గెలిచింది?’ అన్న ప్రశ్నతో ఆగకండి. ‘దీన్ని ఎవరు పోషించారు? వారు చేయి తీసేశాక ఏమైంది?’ అని అడగండి.

10. సారాంశం

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950-63 మధ్య రోవర్స్ కప్‌ను తొమ్మిదిసార్లు, డ్యూరాండ్ కప్‌ను నాలుగుసార్లు సాధించింది. పోలీసు ఉద్యోగం ఇచ్చిన భద్రత, రహీం శిక్షణ, జంట నగరాల ఆట సంప్రదాయం ఈ విజయాలకు కారణాలు. 1956 తరువాత ఆ జట్టు పేరు క్రమంగా ఆంధ్రప్రదేశ్ పేరుగా మారింది. శిక్షణకు వారసత్వం లేకపోవడం, కలకత్తా ఆకర్షణ, పోటీల స్వరూపంలో మార్పు దాన్ని వెనక్కి నెట్టాయి. ఇంగ్లండు నాన్-లీగ్ క్లబ్బులకు ఉన్న ప్రజల యాజమాన్యం, అంచెల నిర్మాణం ఇక్కడ లేకపోవడం వల్ల ఆ జట్టు మళ్లీ లేచే అవకాశం దొరకలేదు.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు విజయాలకు గల సామాజిక, ఆర్థిక కారణాలను పరిశీలించండి.
2. ఇంగ్లండు నాన్-లీగ్ క్లబ్బులను, భారతదేశపు ఉద్యోగుల జట్లను పోల్చండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సయ్యద్ అబ్దుల్ రహీం సేవలను అంచనా వేయండి.
2. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ ప్రభావం క్రీడా జట్ల పేర్లలో ఎలా కనిపిస్తుంది?
3. క్రీడా చరిత్ర రచనలో మౌఖిక ఆధారాలను ఎలా ఉపయోగించాలి?